నొప్పి ఉన్న స్కోలియోసిస్ వెనక 7 మిల్లీమీటర్ల గడ్డ: సీటీ సాయంతో చేసిన ఒక అబ్లేషన్ కేసు

14 ఏళ్ల అబ్బాయి. వెన్ను పక్కకి వంగుతోందని (దీన్నే స్కోలియోసిస్ అంటారు) తల్లిదండ్రులు ఆర్థోపెడిక్ విభాగానికి తీసుకొచ్చారు. బ్రేస్ (వెన్నును నిటారుగా పట్టి ఉంచే కవచం) వేయాలా, ఇంకొన్నాళ్లు చూడాలా అన్నదే వాళ్ల ప్రశ్న. అక్కడి సర్జన్ వంపు సంగతి పక్కన పెట్టి ముందు నొప్పి గురించి అడిగారు. ఆ జవాబులు విన్నాక కేసు స్కాన్ బొమ్మలు చూస్తూ సూదులతో చికిత్స చేసే ఇంటర్వెన్షనల్ రేడియాలజీకి, అంటే నా దగ్గరికి వచ్చింది. కుటుంబం అనుమతితోనే ఇది రాస్తున్నాను. పిల్లాణ్ని గుర్తుపట్టే వివరాలేవీ ఇందులో ఉంచలేదు.

పిల్లాడు చెప్పింది, పరీక్షలో తేలింది

నడుం కింది భాగంలో ఎడమవైపు నొప్పి. మొదలై దాదాపు 10 నెలలైంది. ఎక్కడ అని అడిగితే అరచేత్తో నడుమంతా తడమలేదు, ఒక్క వేలితో ఒక్క చోటు చూపించాడు. పగలు ఆటలో పడితే మరిచిపోతాడు. రాత్రి రెండు మూడు గంటల వేళ మెలకువ వస్తుంది, మళ్లీ నిద్ర పట్టదు. జ్వరం లేదు, బరువు తగ్గలేదు, కాళ్లలో తిమ్మిరి లేదు, మలమూత్రాల ఇబ్బంది లేదు.

"నొప్పికి ఏం వేస్తున్నారమ్మా?" అని అడిగాను.

"ఐబుప్రొఫెన్ వేస్తే కాసేపటికి పడుకుంటాడు డాక్టరు గారూ. పారాసిటమాల్ వేస్తే వేసినట్టే ఉండదు" అంది తల్లి.

రోగనిర్ధారణలో సగం ఈ జవాబులోనే ఉంది. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే చిన్న ఎముక గడ్డ మధ్యలో నిడస్ అనే భాగం ఉంటుంది. అది నొప్పిని, వాపును పెంచే ప్రోస్టాగ్లాండిన్ ఇ2ను విపరీతంగా తయారుచేస్తుంది. నిడస్ లోపలికి సన్నటి నరాల పోగులు కూడా వెళ్తాయి. ప్రోస్టాగ్లాండిన్ తయారీని అడ్డుకునే ఐబుప్రొఫెన్, నాప్రాక్సెన్ లాంటి మందులకు నొప్పి చటుక్కున లొంగుతుంది. పారాసిటమాల్ ఆ పని బయటి కణజాలంలో పెద్దగా చేయదు కాబట్టి దానికి లొంగదు. ఈ తేడాను ఇంట్లోవాళ్లు ఎప్పుడో గమనించే ఉంటారు, మనం అడిగితేనే బయటికొస్తుంది.

పరీక్షలో ఎడమవైపు వెన్ను కండరాలు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. తొడ వెనక కండరాలు కూడా అంతే. ముందుకు వంగమంటే మోకాళ్లు దాటి చేతులు కిందికి రాలేదు. కాళ్ల బలం, స్పర్శ, రిఫ్లెక్సులు మామూలుగానే ఉన్నాయి. ఎక్స్‌రేలో నడుం వంపు కాబ్ కోణం, అంటే వంపు ఎంతుందో చెప్పే కొలత, 21 డిగ్రీలు. ఉబ్బు కుడివైపు, లోపలి వంపు ఎడమవైపు. వెన్నుపూసలు తిరగడం మాత్రం చాలా తక్కువ.

ఇక్కడ రెండు విషయాలు పొసగలేదు. టీనేజ్‌లో కారణం తెలియకుండా వచ్చే స్కోలియోసిస్ పిల్లల్ని రాత్రిళ్లు నిద్రలేపదు. పైగా ఆ రకంలో నడుం దగ్గరి వంపు సాధారణంగా ఎడమవైపు ఉబ్బుతుంది. ఇక్కడ కుడివైపు ఉబ్బింది. ఆస్టియాయిడ్ ఆస్టియోమా వల్ల వెన్ను వంగితే గడ్డ దాదాపు ఎప్పుడూ లోపలి వంపు వైపే, వంపు కొనకు దగ్గరగా ఉంటుంది. ఆ వైపు కండరాలు నొప్పికి బిగుసుకుని వెన్నును తమవైపు లాగుతాయి. కాబట్టి ఈ వంపు ఇంకా ఎముకలో స్థిరపడలేదని, నొప్పి కారణంగా వచ్చిందని అనుమానించాం.

ఎంఆర్‌ఐ భయపెట్టింది, సీటీ తేల్చింది

వాళ్లు అప్పటికే ఎంఆర్‌ఐ తీయించి తెచ్చారు. నాలుగో నడుం వెన్నుపూస, అంటే ఎల్4, ఎడమ లామినా (పూస వెనక గోడలా ఉండే ఎముక పలక), పెడికిల్ (ఆ పలకను పూస ముందు భాగానికి కలిపే ఎముక), పక్కనున్న కండరం అన్నీ నీరుపట్టి మెరుస్తున్నాయి. కాంట్రాస్ట్ (స్కాన్‌లో మెరిసే మందు) ఇచ్చాక అదంతా ఇంకా వెలిగింది. ఇన్ఫెక్షన్ కావచ్చు, ఈవింగ్ సార్కోమా (పిల్లల్లో వచ్చే ఎముక క్యాన్సర్) కూడా కాదని చెప్పలేం అని రిపోర్టులో ఉంది. ఆ రెండో మాట చదివిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు.

రిపోర్టు రాసినవారిని తప్పుపట్టలేను. ఈ గడ్డ విషయంలో ఎంఆర్‌ఐ చేసే మాయే అది. నిడస్ ఎంత చిన్నదైనా చుట్టూ వాపు చాలా దూరం పాకుతుంది. పొగ చూసి ఊరంతా తగలబడుతోందనుకున్నట్టు ఉంటుంది. ఇన్ఫెక్షన్, వాపు ఉంటే పెరిగే సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్, తెల్ల రక్తకణాలు మామూలుగా ఉన్నాయి. పల్చటి ముక్కలతో సీటీ తీయాలన్నాను. రేడియేషన్ గురించి తండ్రికి సందేహం వచ్చింది, అది రావాల్సిన సందేహమే. నడుమంతా కాకుండా ఎల్3 నుంచి ఎల్5 వరకే, తక్కువ డోసులో, 1 మిల్లీమీటరు లోపు మందం ముక్కలతో తీశాం. ఎముక, దాని చుట్టూ ఉన్న కణజాలం సీటీలో సహజంగానే బాగా విడిగా కనిపిస్తాయి కాబట్టి డోసు తగ్గించినా బొమ్మ చెడదు.

నిడస్ స్పష్టంగా కనిపించింది. ఎల్4 ఎడమ లామినా కింది ఆర్టిక్యులర్ ప్రాసెస్‌తో (కింది పూసతో కీలు కట్టే ఎముక కొమ్ముతో) కలిసే చోట 7 మిల్లీమీటర్ల గుండ్రటి నల్లటి మచ్చ, మధ్యలో తెల్లటి కాల్షియం చుక్క, చుట్టూ గట్టిపడిన ఎముక. వెన్ను కాలువ వైపున్న ఎముక పొర పల్చబడింది గానీ తెగలేదు. నిడస్ అంచు నుంచి, నరాలను, వెన్నుద్రవాన్ని చుట్టి ఉండే డ్యూరల్ శాక్ అనే సంచికి 4 మిల్లీమీటర్లు. ఎల్5 నరం పక్క గాడిలో కిందికి దిగే చోటికి సుమారు 6 మిల్లీమీటర్లు.

మిగతా అవకాశాలను అక్కడే తోసిపుచ్చగలిగాం. 1.5 నుంచి 2 సెంటీమీటర్లు దాటితే ఆస్టియోబ్లాస్టోమా అంటారు, దాని నొప్పి ఈ మందులకు ఇంతగా లొంగదు. ఆటలాడే పిల్లల్లో వచ్చే ఒత్తిడి పగులు గీతలా కనిపిస్తుంది, గుండ్రంగా ఉండదు. ఎముకలోని చీముగడ్డ నిడస్‌ను పోలి ఉండొచ్చు కానీ దాని లోపలి అంచు గరుకుగా ఉంటుంది, మధ్యలో ఇలా నున్నటి చుక్క ఉండదు. ఈవింగ్ సార్కోమా అన్న మాట ఇక అవసరం లేదని ఆ సాయంత్రమే తల్లిదండ్రులకు చెప్పాను. సాధారణంగా బయాప్సీ రాకముందు అంత గట్టిగా మాట్లాడను. ఈ సీటీ చూశాక మాట్లాడొచ్చనిపించింది.

ఏ చికిత్స

ఈ గడ్డను 1935లో జాఫీ అనే పాథాలజిస్టు విడి వ్యాధిగా గుర్తించారు. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. అలాంటప్పుడు మందులు వేసుకుంటూ ఆగొచ్చు కదా అన్నది తండ్రి ప్రశ్న. చేతులు, కాళ్ల ఎముకల్లో అయితే ఆ మాట కొంత చెల్లుతుంది. కొన్ని గడ్డలు ఏళ్ల తరబడి సమయం తీసుకుని వాటంతట అవే చల్లబడతాయి. అన్నేళ్లూ రోజూ ఐబుప్రొఫెన్ అంటే పిల్లల కడుపు, కిడ్నీలు తట్టుకోవాలి. అంతకంటే పెద్ద కారణం వెన్ను. లక్షణాలు మొదలై 15 నెలలు దాటితే, గడ్డ తీసినా వంపు తిరిగి నిటారుగా అయ్యే అవకాశం తగ్గుతుందని 1986లో పెటీన్, క్లాసెన్ ప్రచురించారు. కచ్చితంగా 15వ నెలలో తలుపు మూసుకుంటుందని కాదు గానీ, మా పిల్లాడికి చేతిలో ఉన్న సమయం నెలల లెక్కే.

సర్జరీతో తీయొచ్చు. తెరిచి చూస్తే గట్టిపడిన ఎముక కనిపిస్తుంది, దానిలోపలి నిడస్ కంటికి తెలియదు. అందుకే పాత రోజుల్లో పెద్ద ముక్కే తీయాల్సి వచ్చేది. ఇక్కడ అలా తీస్తే ఎడమ ఫేసెట్ కీలు, అంటే రెండు పూసలను వెనక కలిపే చిన్న కీలు, పోతుంది. ఆ మట్టంలో వెన్ను నిలకడ తప్పితే స్క్రూలు, ఫ్యూజన్ వేయాలి. 14 ఏళ్లకు నడుం రెండు పూసలు అతికించడం ఎవరికీ ఇష్టం లేదు. సర్జన్‌కి అసలే లేదు.

గడ్డలోకి సూది దించి కరెంటు వేడితో కాల్చే రేడియోఫ్రీక్వెన్సీ అబ్లేషన్‌ను ఈ గడ్డకు వాడినట్టు మొదట రిపోర్టు చేసింది 1992లో, బోస్టన్‌లో రోసెంథాల్ బృందం, 4 రోగుల్లో. ఆ తర్వాత ఇది ప్రపంచమంతటా మొదటి ఎంపిక అయింది. మొదటిసారికే నొప్పి పోయేవాళ్లు 90 శాతానికి పైనే. వెన్నులో మాత్రం చాలాకాలం జంకారు. నరానికి 1 సెంటీమీటరు లోపు ఉంటే చేయకూడదన్నది పాత నియమం. ఆ నియమం ప్రకారం మా కేసు పనికిరాదు.

అతి చలితో కణాలను చంపే క్రయో అబ్లేషన్ గురించి కూడా మాట్లాడుకున్నాం. దాని గొప్పదనం మంచు గోళం సీటీలో కనిపించడం. మెత్తటి కణజాలంలో అది నిజమే. గట్టిపడిన తెల్లటి ఎముకలో ఆ గోళం అంచు దాదాపు కనిపించదు. పైగా కనిపించే అంచు 0 డిగ్రీల దగ్గర ఉంటే, కణాలు నమ్మకంగా చచ్చేది మైనస్ 20 డిగ్రీల కింద. అంటే నిడస్‌ను పూర్తిగా చంపాలంటే మంచు దాని అంచు దాటి చాలా మిల్లీమీటర్లు పోవాలి. కాలువ వైపు మాకున్నది 4. సూదే లేకుండా ఎంఆర్‌ఐ కింద శబ్దతరంగాలను కేంద్రీకరించి కాల్చే పద్ధతికి అమెరికా ఎఫ్‌డీఏ 2020లో చేతులు, కాళ్ల ఎముకల ఆస్టియాయిడ్ ఆస్టియోమాకు అనుమతినిచ్చింది. వెన్నుకు కాదు.

చివరికి రేడియోఫ్రీక్వెన్సీయే అనుకున్నాం. దానికి నా కారణం పరికరం శక్తి కాదు, దాని చిన్నతనం. నీటితో చల్లబరచని, 5 మిల్లీమీటర్ల కొన ఉన్న ఎలక్ట్రోడ్ సుమారు 1 సెంటీమీటరు వ్యాసం ఉన్న గోళాన్నే కాలుస్తుంది. 7 మిల్లీమీటర్ల నిడస్ నడిమధ్యలో కొన నిలిస్తే గోళం అంచు నిడస్‌ను ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటుతుంది. నడిమధ్యలో నిలవకపోతే ఈ లెక్క మొత్తం తప్పుతుంది.

తల్లిదండ్రులతో కన్సెంట్ మాట్లాడేటప్పుడు నరానికి దెబ్బ, చర్మం కాలడం, ఇన్ఫెక్షన్, గడ్డ కొంత మిగిలితే రెండోసారి చేయాల్సి రావడం, అన్నీ చెప్పాను. "కాలు పడిపోయే అవకాశం ఉందా సార్?" అని తండ్రి సూటిగా అడిగారు. ఎల్4 మట్టంలో వెన్నుపాము ఉండదు, అది పైన ఎల్1, ఎల్2 దగ్గరే ముగుస్తుంది, కాబట్టి రెండు కాళ్లూ పడిపోవడం గురించి కాదు నా భయం. ఎడమ పాదం, బొటనవేలు పైకెత్తే బలం పోవచ్చు, అది ఎల్5 నరం పని. దాన్ని కాపాడడానికే ఎక్కువ సమయం పెడతామని చెప్పాను.

సూది ఎటునుంచి

ఈ కేసులో ఎక్కువ ఆలోచించింది దీని గురించే. చర్మం నుంచి నిడస్‌కి అతి దగ్గరి దారి ఎడమవైపు నుంచి తిన్నగా లోపలికి. సీటీ తెరమీద గీత గీస్తే 5 సెంటీమీటర్లు కూడా రాదు. కానీ ఆ గీతను కొద్దిగా పొడిగిస్తే డ్యూరల్ శాక్‌లోకి పోతుంది. గట్టిపడిన ఎముకను డ్రిల్ చేసేటప్పుడు పట్టు ఒక్కసారిగా వదలడం ఈ పని చేసే అందరికీ అనుభవమే. నిడస్ మెత్తన, దాని వెనక పల్చటి పొర, దాని వెనక నరాలు. ఆ దారిలో డ్రిల్ జారితే ఆపేది ఏదీ లేదు.

అందుకని కుడివైపు నుంచి వెళ్లాం. కుడి పక్క చర్మం గుండా స్పైనస్ ప్రాసెస్ (వెన్ను మధ్యలో చేతికి తగిలే ఎముక) మొదలు దాటి, ఎడమ లామినా పొడవునా దాని లోపలే నడిచి నిడస్‌కి చేరే దారి. వెన్ను సర్జన్లు లామినాలోంచి ఫేసెట్‌కి స్క్రూ వేసేటప్పుడు వాడే దారి కూడా ఇదే, మా సర్జన్ గీత చూడగానే గుర్తుపట్టారు. దూరం రెట్టింపు అవుతుంది, ఎముకలో ఎక్కువసేపు డ్రిల్ చేయాలి. లాభం ఏమిటంటే సూది కాలువకు సమాంతరంగా పోతుంది. ముందుకు జారినా ఫేసెట్ ఎముకలోకే పోతుంది గానీ నరాల్లోకి కాదు. నా మట్టుకు నాకు, వెన్ను వెనక భాగంలోని గడ్డలకు దగ్గరి దారి కంటే తప్పు జరిగినా నష్టం లేని దారే మంచిది.

సీటీ గదిలో

పూర్తి మత్తు ఇచ్చాం. నరానికి వేడి తగిలితే రోగే చెప్తాడు కాబట్టి వెన్నులో సగం మత్తే మేలని వాదించేవాళ్లున్నారు. పెద్దవాళ్లలో ఆ వాదన నాకూ కొంత నచ్చుతుంది. నిడస్‌లోకి సూది దిగే నొప్పిని 14 ఏళ్ల పిల్లాడు కదలకుండా భరిస్తాడని అనుకోవడం మాత్రం అన్యాయం. దాని బదులు నరాల మానిటరింగ్ పెట్టాం. మత్తు డాక్టరు ప్రొపొఫాల్, రెమిఫెంటానిల్‌తో నడిపారు. గొంతులో గొట్టం వేశాక కండరాలను సడలించే మందు మళ్లీ ఇవ్వలేదు, ఇస్తే కాలి కండరాల సంకేతాలు రావు. ఒక డోసు యాంటీబయాటిక్ ముందే వెళ్లింది. బోర్లా పడుకోబెట్టి ఛాతీ కింద, కటి కింద దిండ్లు పెట్టాం. రెండు తొడల వెనక, కరెంటు బయటికి పోయే గ్రౌండింగ్ ప్యాడ్లు, ఎక్కడా ముడత లేకుండా.

ఎముక సూది తీయకముందే రక్షణ ఏర్పాట్లు. ఎల్4, ఎల్5 లామినాల మధ్య సందులోంచి 22 గేజ్ సూదిని ఎడమ ఎపిడ్యూరల్ చోటికి (డ్యూరల్ శాక్‌కి, ఎముకకి మధ్య ఖాళీకి) పంపి, కొద్దిగా కాంట్రాస్ట్ కలిపిన 5 శాతం డెక్స్‌ట్రోజ్ నీళ్లు ఎక్కించాం. ద్రవం డ్యూరల్ శాక్‌ను లామినా నుంచి పక్కకి నెట్టింది. 4 మిల్లీమీటర్లు 7 అయింది. సెలైన్ ఎందుకు కాదంటే, అందులో ఉప్పు ఉంది, అది కరెంటును మోస్తుంది. రేడియోఫ్రీక్వెన్సీలో కణజాలం వేడెక్కేది అటూ ఇటూ మారే కరెంటుకు అయాన్లు కంపించడం వల్ల. నరానికి, గడ్డకు మధ్య ఉప్పునీళ్లు పోయడమంటే కరెంటుకు దారి వేయడమే. డెక్స్‌ట్రోజ్‌లో అయాన్లు లేవు. కార్బన్ డయాక్సైడ్ వాయువు ఇంకా మంచి నిరోధకం. కానీ అది నిలిచిన చోట నిలవదు, మళ్లీ మళ్లీ ఎక్కించాలి. చల్లటి ద్రవమైతే వేడిని కడిగేస్తుంది కూడా. పిల్లల్లో ఒకేసారి ఎక్కువ ఎక్కిస్తే కాలువలో ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి రెండు మూడు మిల్లీలీటర్ల చొప్పునే ఇచ్చాం.

రెండో సూది థర్మోకపుల్, ఉష్ణోగ్రత కొలిచేది. దాని కొనను లామినా లోపలి ముఖానికీ శాక్‌కీ మధ్య, ఎల్5 నరం వైపు నిలిపాం. మొదటి రీడింగ్ 36.2 డిగ్రీలు. నరాలు 45 డిగ్రీల దగ్గర దెబ్బతినడం మొదలవుతుంది. 42కి చేరితే కరెంటు ఆపాలని ముందే అనుకున్నాం. అంకె ఎవరు చదవాలో కూడా అనుకున్నాం. గదిలో ఒక నర్సు పని అదొక్కటే, పైకి చదవడం.

తర్వాత కుడివైపు నుంచి 13 గేజ్ ఎముక సూది. మోటార్ డ్రిల్‌తో లామినాలో కొద్ది కొద్దిగా ముందుకు, ప్రతి కొన్ని మిల్లీమీటర్లకు ఆగి సీటీ. సమయం తీసుకుంది, దీని గురించి చెప్పడానికి ఇంకేం లేదు. నిడస్ అంచు దాటిన క్షణంలో గుండె వేగం 76 నుంచి 102కి ఎగిరింది. అంత మత్తులోనూ. ఇది చాలామందిలో కనిపించేదే. మత్తు డాక్టర్లకు ముందే చెప్పి ఉంచాలి, లేకపోతే గదిలో అనవసరమైన టెన్షన్. నా వరకు అది సీటీతో పాటు రెండో సాక్ష్యం, సూది నిడస్‌లోనే ఉందని. అదే దారిలో బయాప్సీ ముక్కలు తీశాం. వేడి పెట్టాక తీస్తే పాథాలజిస్టుకు పనికిరావు.

ఎలక్ట్రోడ్ దించి, లోహపు కాన్యులాను (ఎలక్ట్రోడ్ దిగిన బోలు సూదిని) 1 సెంటీమీటరుకు పైగా వెనక్కి లాగాం. ఈ చిన్న పని మరిస్తే కొన కాన్యులాను తాకి, కరెంటు దాని వెంట పైకి పాకి, కండరమూ చర్మమూ కాలతాయి. ఈ పద్ధతిలో చర్మం కాలిన సందర్భాల్లో చాలా వాటికి కారణం ఇదే లేదా గడ్డ చర్మానికి మరీ దగ్గరగా ఉండటం. చివరిసారి సీటీ తీసి మూడు వైపుల నుంచీ చూశాం. కొన నిడస్ నడిమధ్యలో ఉంది.

లక్ష్యం 90 డిగ్రీలు, 6 నిమిషాలు. 100 దాటితే కణజాలం మాడి బొగ్గై, కరెంటుకు అడ్డుపడుతుంది, వేడి బయటికి పాకదు. అందుకే 90. నెమ్మదిగా పెంచుకుంటూ వెళ్లాం. 90కి చేరి రెండో నిమిషం దాటాక నర్సు గొంతు వినిపించడం మొదలైంది. 39.5. 40.8. 41.6. 42 రాగానే ఆపేశాం. 3 మిల్లీలీటర్ల డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తే అర నిమిషంలో 37కి దిగింది. కరెంటు నడుస్తున్నంతసేపు నరాల మానిటర్ తెరంతా పిచ్చిగీతలే, ఏమీ చదవలేం. ఆ విరామంలో టెక్నీషియన్ కాలి సంకేతాలు చూసి, ముందున్నట్టే ఉన్నాయన్నారు. మళ్లీ మొదలుపెట్టి, డెక్స్‌ట్రోజ్ సన్నగా పోస్తూ మిగతాది పూర్తి చేశాం. 90 దగ్గర గడిచిన సమయాన్నే లెక్కలోకి తీసుకున్నాం, పెంచే సమయాన్ని, ఆగిన సమయాన్ని కాదు.

థర్మోకపుల్ లేకపోతే ఏమయ్యేదో తెలిసే వీల్లేదు. బహుశా ఏమీ అయ్యేది కాదు. ఎముక బయటి పొర వేడిని కొంత ఆపుతుంది, కాలువలోని వెన్నుద్రవం, రక్తనాళాలు కొంత మోసుకుపోతాయి. వెన్నులో ఈ చికిత్స సాధ్యమవుతోందంటే శరీరం ఇచ్చే ఈ సాయం వల్లే. కానీ పల్చబడిన పొర ఎంత ఆపుతుందో సీటీలో కొలవలేం. అంకె కళ్లముందు ఉంటే ఊహించాల్సిన పని ఉండదు.

సూదులు తీసే ముందు కుడివైపు ఎముక పైపొర మీద మాత్రం బుపివకైన్ అనే మొద్దుబార్చే మందు ఇచ్చాను. ఎడమవైపు, నరం దగ్గర ఇవ్వలేదు. ఇస్తే పిల్లాడు లేచాక పాదం బలహీనంగా ఉంటుంది. అది మందు వల్లా, వేడి వల్లా అన్నది తేలక రాత్రంతా అందరం కూర్చోవాలి.

ఆ తర్వాత

లేచీ లేవగానే "బొటనవేలు పైకెత్తు నాన్నా" అన్నాను. ఎత్తాడు. పాదం కూడా. ఎదురు నొక్కితే రెండు వైపులా సమానంగా ఉంది.

ఆ రాత్రి సూది దిగిన చోట సలుపు ఉందన్నాడు, దానికి పారాసిటమాల్ సరిపోయింది. పాత నొప్పి రాలేదు. సాధారణంగా అది పోవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుందని చెప్పి ఉంచాను, కాబట్టి మొదటి రాత్రే పోవడం నాకు కూడా కొంచెం ఆశ్చర్యమే. మర్నాడు కాలి బలం మళ్లీ పరీక్షించి ఇంటికి పంపాం. నడక, బడి వెంటనే. పరుగు, దూకడం, బరువులు ఎత్తడం 6 వారాల దాకా వద్దన్నాం. తొడ ఎముక లాంటి బరువు మోసే ఎముకలకైతే ఇంతకంటే ఎక్కువ జాగ్రత్త చెప్తాను, అక్కడ డ్రిల్ రంధ్రం దగ్గర విరిగే భయం ఉంటుంది.

బయాప్సీలో రక్తనాళాలు నిండిన కణజాలం మధ్య సన్నటి ఆస్టియాయిడ్ (ఇంకా గట్టిపడని ఎముక) తీగలు, వాటి అంచున వరుసగా ఆస్టియోబ్లాస్టులు (ఎముకను తయారుచేసే కణాలు) కనిపించాయి. ఆస్టియాయిడ్ ఆస్టియోమా ఖాయం. ఇంత చిన్న ముక్కలతో నిర్ధారణ చాలాసార్లు రాదు. రాకపోయినా సీటీ, లక్షణాలు కలిస్తే నేను చికిత్స ఆపను.

6 వారాలకు వచ్చినప్పుడు ఐబుప్రొఫెన్ ఒక్కసారీ అవసరం పడలేదన్నారు. ముందుకు వంగితే వేళ్లు పాదాల దాకా వెళ్తున్నాయి. 3 నెలలకు ఎంఆర్‌ఐలో వాపు దాదాపు పోయింది. సీటీ మళ్లీ తీయలేదు. చచ్చిన నిడస్ కూడా చాలాకాలం సీటీలో అలాగే కనిపించొచ్చు, దాన్ని చూసి అనవసరంగా కంగారుపడటం తప్ప ఉపయోగం లేదు. కాబ్ కోణం 3 నెలలకు 13 డిగ్రీలు, ఏడాదికి 6. 10 డిగ్రీల లోపును స్కోలియోసిస్ అనరు. బ్రేస్ వాడలేదు, ఫిజియోథెరపీ మాత్రం మొదటి కొన్ని నెలలు చేయించాం.

ఇలాంటివన్నీ సూదితోనే చేయొచ్చని ఈ కేసు చూపించి ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కాలువ వైపు ఎముక పొర పూర్తిగా తెగి, నిడస్ శాక్‌ను ఆనుకుని, ద్రవంతో విడదీసినా విడకపోతే ఆ రోగిని సర్జన్‌కే పంపిస్తాను. మధ్యలోనే ఆ పరిస్థితి బయటపడితే సూదులు తీసేసి బయటికొచ్చేయాలి. ఆ మాట కన్సెంట్‌లో ముందే రాసుకుంటాం. ఎముకకు పాకిన క్యాన్సర్ గడ్డల్లో ఇదే పరికరాలు వాడినా లెక్క పూర్తిగా వేరు. అక్కడ చాలాసార్లు నొప్పి తగ్గించడమే లక్ష్యం, గడ్డ మొత్తం చావాల్సిన పని లేదు, కాల్చిన చోట ఎముక కూలకుండా సిమెంటు నింపాల్సి రావచ్చు. ఇక్కడ లక్ష్యం నిడస్‌ను పూర్తిగా చంపడం. ఎందుకంటే కొంచెం మిగిలినా నొప్పి తిరిగొస్తుంది, ఎక్కువగా మొదటి ఏడాది రెండేళ్లలోనే.

అందుకే రెండేళ్ల దాకా చూస్తున్నాం, బొమ్మలతో కాదు, ప్రశ్నలతో. రాత్రి నొప్పి తిరిగొస్తే కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐతో నిడస్‌లో రక్తప్రసరణ మిగిలిందేమో చూస్తాం. ఉంటే రెండోసారి అబ్లేషన్‌కి అదే దారి వాడొచ్చు. ప్రస్తుతానికి ఆ అవసరం కనిపించడం లేదు. నాకు మిగిలిన సందేహమల్లా ఫేసెట్ కీలు గురించి. 90 డిగ్రీల వేడి కీలు కార్టిలేజ్‌కు చాలా దగ్గరగా నడిచింది. ఏడాది ఎక్స్‌రేలో కీలు సందు మామూలుగానే ఉంది. పిల్లాడు ఇంకా పొడుగు పెరుగుతున్నాడు కాబట్టి, మిగిలిన 6 డిగ్రీల వంపుతో పాటు దాన్ని కూడా ఎదుగుదల ఆగేదాకా ఏడాదికోసారి ఆర్థోపెడిక్ విభాగంలో చూస్తారు.